ఎముకకో చీటీ, గుండెకో చీటీ: నెలసరి ఆగిన ఆడవాళ్ల గురించి హైదరాబాద్ వైద్యులకు, ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎముకల వైద్యులకు, గుండె వైద్యులకు, గైనకాలజిస్టులకు, రేడియాలజిస్టులకు, ఆస్పత్రుల నిర్వాహకులకు, ఆరోగ్య పథకాలు రూపొందించే అధికారులకు నమస్కారం.

మేం ఈ నగరంలో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్లు తీసే టెక్నీషియన్లం, ఫిజియోథెరపిస్టులం, డైటీషియన్లం, వార్డుల్లో పనిచేసే నర్సులం. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల ఎముకలనూ గుండెనూ కలిపి చూడండని ఇంతకుముందే రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. కాగితం అందినట్టు ముద్ర పడింది, జవాబు రాలేదు. మీ ఓపీల్లో రద్దీ ఎంతో మాకు తెలుసు. కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాం.

యాభై అయిదేళ్ల మనిషి జారిపడి మణికట్టు విరిగితే ఎముకల ఓపీలో కట్టు కట్టి, కాల్షియం, విటమిన్ డి రాసి పంపుతారు. బీపీ మాట రాదు, కొలెస్ట్రాల్ మాట రాదు. అదే మనిషి రెండేళ్ల తర్వాత ఛాతీ నొప్పితో గుండె ఓపీకి వెళితే ఈసీజీ, ఎకో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్. అంతకుముందు మణికట్టు విరిగిందా అని ఎవరూ అడగరు. రెండు ఫైళ్లూ ఆమె చేతిసంచిలోనే ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివేవారే లేరు.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందన్నది కొత్త మాటేమీ కాదు. ఎముక ఎప్పుడూ ఒకచోట కరుగుతూ, ఇంకోచోట కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది. కరిగించే కణాలను ఉసిగొలిపేది ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్, దాన్ని పట్టి ఆపేది ఆస్టియోప్రొటెజెరిన్. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్నంతకాలం ఈ రెండూ తూకంలో ఉంటాయి. నెలసరి ఆగాక ర్యాంక్‌ఎల్‌ది పైచేయి అవుతుంది. తొలి అయిదు నుంచి ఏడేళ్లలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గిపోవచ్చు. రక్తనాళాలు సాగే గుణం పోకుండా కాపాడేదీ ఆ ఈస్ట్రోజనే. అది తగ్గాక ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నడుము చుట్టుకొలత పెరుగుతుంది, బీపీ పైకి వెళుతుంది. 1998లో ఆస్టియోప్రొటెజెరిన్ జన్యువు తీసేసిన ఎలుకలను పరిశీలిస్తే, ఎముకలు గుల్లబారాయి, పెద్ద ధమనుల్లో కాల్షియం పేరుకుంది. ఎముకలోంచి కరిగిన కాల్షియం నేరుగా వెళ్లి ధమనిలో కూర్చుంటుందని దీనర్థం కాదు. ధమని గోడలోని కండర కణాలే ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి.

మనుషుల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. నెలసరి ఆగిన 2,576 మందిని నాలుగేళ్లు గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఎముక సాంద్రత కొంత మాత్రమే తగ్గినవారితో పోలిస్తే బోలు ఎముకల వ్యాధి ఉన్నవారిలో గుండె, రక్తనాళాల ప్రమాదం దాదాపు నాలుగు రెట్లు. దక్షిణ కొరియాలో డెక్సా తీయించుకున్న 12,681 మంది ఆడవాళ్లను సుమారు తొమ్మిదేళ్లు గమనించి 2021లో ఇలాంటి ఫలితాన్నే చెప్పారు, ఇంత పెద్ద తేడా కాకపోయినా. స్వీడన్ కవలలపై 2009లో వచ్చిన అధ్యయనం ఇదే సంగతిని అటు వైపు నుంచి చూపింది: గుండె వైఫల్యం ఉందని తేలినవారిలో తుంటి విరిగే ప్రమాదం నాలుగు రెట్లు దాటింది, పక్షవాతం వచ్చినవారిలో అయిదు రెట్లు దాటింది.

ఇవన్నీ సంబంధాన్ని చూపినవే. ఎముక గుల్లబారడం వల్లే గుండెపోటు వస్తుందని రుజువు చేసినవి కావు. వయసు, పొగాకు, షుగరు, కిడ్నీ జబ్బు, కదలిక లేకపోవడం రెండింటికీ ఉమ్మడి కారణాలు. ఎముక మందు వేస్తే గుండెపోటు ఆగుతుందని మేం అనడం లేదు. గుండె కోసమని హార్మోన్ మాత్రలు మొదలుపెట్టమనీ అనడం లేదు. ఒకటి కనబడితే రెండోదాని కోసం వెతకండి అంటున్నాం, అంతే.

వెతక్కపోవడం వల్ల జరుగుతున్నదేమిటో కింద రాస్తున్నాం.

1. కళ్లెదుట ఉన్నది చదవడం లేదు. నడుము నొప్పికి పక్కనుంచి తీసే ఎక్స్‌రేలో వెన్నుపూసల ముందు బృహద్ధమని ఉంటుంది. దాని గోడల్లో కాల్షియం పేరుకుంటే ఎల్1 నుంచి ఎల్4 దాకా నాలుగు నడుము పూసల ఎదుట తెల్లటి గీతలుగా కనబడుతుంది. నాలుగు పూసల ఎదుట ముందు గోడకు 3, వెనక గోడకు 3 చొప్పున మొత్తం 24కు స్కోరు వేసే పద్ధతి 1997 నుంచీ ఉంది. 6, ఆపైన వస్తే ఎక్కువగా పేరుకున్నట్టే లెక్క. వేయడానికి రెండు నిమిషాలు చాలు. అదనంగా ఫిల్మ్ అక్కర్లేదు, రోగికి పైసా ఖర్చు లేదు. అయినా రిపోర్టులో డిస్కు అరుగుదల, స్పాండిలోసిస్ అని రాసి సంతకం పెట్టేస్తున్నారు. బయట డబ్బు పెట్టి ఎక్స్‌రే తీయించుకున్న మనిషికి తన రక్తనాళాల సంగతి తెలిసే ఒక్క అవకాశం అక్కడే పోతోంది.

2. స్కాన్ తీసినా తప్పు అంకె చేతికొస్తోంది. ఇది మా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. డెక్సాలో టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి వేసే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు. కానీ వెన్ను ముందున్న ధమనిలో కాల్షియం ఉంటే యంత్రం దాన్ని కూడా ఎముకలో కలిపి లెక్కేస్తుంది. అరిగిన పూసల అంచున పెరిగిన ముళ్లనూ అలాగే లెక్కేస్తుంది. నలిగి కుంగిన పూస సాంద్రంగా కనబడుతుంది. కాబట్టి ధమనుల్లో కాల్షియం ఎక్కువున్న మనిషికే వెన్ను అంకె బాగున్నట్టు చూపించే ప్రమాదం ఉంది. తుంటికి కూడా తప్పనిసరిగా స్కాన్ తీయాలి, వెన్నులో చెడిన పూసను లెక్కలోంచి తీసేయాలి. రోగి ముందురోజు నుంచి కాల్షియం మాత్ర ఆపాలి. కరగని మాత్ర పేగులో ఉంటే అది పూస మీద పడి కనబడుతుంది. చీరకు పెట్టిన పిన్నీసు, డ్రెస్ జిప్పు, నడుముకు కట్టిన తాయెత్తు తీయించాలి. రద్దీ వేళల్లో ఇవి అడక్కుండానే బల్ల మీద పడుకోబెడుతున్నారు. నల్గొండ ఫ్లోరైడ్ గ్రామాల నుంచి నగరానికి వచ్చేవారి సంగతి వేరు. ఫ్లోరోసిస్ ఎముక సాంద్రంగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. వాళ్లకు టీ స్కోరు ఒక్కటే చూసి బాగుందని పంపేయకూడదు. షుగరు ఉన్నవారిలోనూ ఎముక ఆ అంకె చెప్పినదానికన్నా బలహీనంగా ఉండొచ్చు.

కాలనీ పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల కింద పెట్టే ఉచిత ఎముకల క్యాంపులది ఇంకో కథ. అక్కడ మడమకు అల్ట్రాసౌండ్ చేస్తారు. మైనస్ 2.5 కొలమానం మడమ అల్ట్రాసౌండ్‌కు వర్తించదు. ఆ చీటీ చూసి భయపడి కాల్షియం డబ్బాలు కొనేవాళ్లు కొందరైతే, మీకేం లేదమ్మా అన్నమాట పట్టుకుని ధీమాగా ఉండిపోయేవాళ్లు ఇంకొందరు.

3. కాల్షియం మాత్రలు ఏళ్ల తరబడి ఆపకుండా నడుస్తున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, వయసు పైబడిన ఆడవాళ్లకు 1200. ఇది మొత్తం లెక్క, తిండితో కలిపి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, గ్లాసు పాలల్లో సుమారు 300 ఉంటాయి. ఓ గ్లాసు పాలు, ఓ పెద్ద గిన్నె పెరుగు, కాసిని రాగులు తీసుకునే మనిషికి కావలసింది చాలావరకు వంటింట్లోనే అందుతుంది. చాయ్‌లో పోసే పాలు కొద్దివే కాబట్టి వాటితో పెద్దగా కలిసిరాదు. మిగిలిన కొరతకే మాత్ర. కానీ తిండి అడగకుండా రోజుకు రెండేసి రాస్తున్నారు. మాత్రల రూపంలో ఎక్కువ కాల్షియం తీసుకుంటే గుండెపోట్లు పెరుగుతాయా అన్నది 2010 నుంచీ వాదంలో ఉంది, ఇంకా తేలలేదు. తిండిలోని కాల్షియానికి ఆ అనుమానం లేదు. తేలని విషయంలో అవసరానికి మించి ఇవ్వడమెందుకు? మాత్ర ఎలా వేసుకోవాలో కూడా చెప్పడం లేదు. కార్బొనేట్ రకం అన్నంతో పాటు వేసుకోవాలి. పరగడుపున గ్యాస్ మాత్ర రోజూ వాడేవారికి అది సరిగా వంటబట్టదు, వాళ్లకు సిట్రేట్ రకం మేలు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి ఎనిమిది వారాలని రాసినదాన్ని, అదే చీటీ మీద మందుల షాపులో ఏడాది పొడుగునా కొనేవాళ్లున్నారు. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు ఒకదాని మీద ఒకటి వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ఇక విటమిన్ కె2 కలిపామని రెట్టింపు ధరకు అమ్మే మాత్రలు ధమనుల్లోని కాల్షియాన్ని వెనక్కి తీస్తాయనడానికి తగిన రుజువు లేదు.

4. బీపీ మందు వేసుకుని పడి, తుంటి విరుగుతోంది. కూర్చోబెట్టి బీపీ చూసి మందు పెంచుతారు. పడుకున్న మనిషి లేచి నిల్చున్నప్పుడు ఎంత పడిపోతుందో చూడరు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆమె రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడిపోయే అవకాశం ఎక్కువ. రాత్రిపూట వేసే మూత్రం మాత్ర దీనికి తోడు. అలాంటివారికి మందు వేళలు మార్చడం, మోతాదు సరిచూడడం గుండె డాక్టరు చేతిలోని పని. తుంటి విరిగాక గుండె పరీక్షల కోసం ఆపరేషన్ వాయిదా పడుతుంది. 48 గంటలు దాటేకొద్దీ ఊపిరితిత్తుల్లో నిమ్ము, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు మొదలవుతాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేలోగా ఇంచుమించు అయిదుగురిలో ఒకరు చనిపోతున్నారని ఎన్నో దేశాల లెక్కలు చెబుతున్నాయి. బతికినవారికి ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఒకరు చాలా ఇళ్లలో కూలి మానుకున్న కోడలో, చదువు ఆపిన మనవరాలో.

5. ఆయాసం ఎక్కడిదో తెలియడం లేదు. వెన్నుపూసలు నలిగి గూని వస్తే ఛాతీ కుంచించుకుపోయి ఆయాసం వస్తుంది. దానికి ఏళ్లపాటు గుండె మందులు వాడేవారున్నారు. అసలు గుండెపోటు వచ్చినప్పుడు ఆడవాళ్లలో వీపు నొప్పి, దవడ నొప్పి, వాంతి, నీరసం మాత్రమే కనిపించవచ్చు. దాన్ని నడుం నొప్పిలే, గ్యాస్‌లే అని ఇంటికి పంపినవారూ ఉన్నారు. ఈ రెండో పొరపాటుకు ప్రాణమే ఖరీదు.

6. గర్భసంచి తీయించుకున్నవారు ఏ లెక్కలోనూ లేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవారు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద ఆ ఆపరేషన్ నాటికి వారి మధ్యస్థ వయసు 34. అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజన్ ఆ రోజే ఆగిపోతుంది. ఉంచినా, కొందరిలో అవి కొన్నేళ్లు ముందే చేతులెత్తేస్తాయి. నలభై నిండకముందే నెలసరి ఆగడాన్ని గుండె జబ్బు ప్రమాదాన్ని పెంచే అంశంగా అమెరికా గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలు లెక్కిస్తున్నాయి. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అడ్డుకునే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అది ముందుముందు జరగబోయేవాటికి. ఇప్పటికే తీయించుకున్నవారిని ఎవరు పిలిచి ఎముక, గుండె చూస్తారు? చాలామంది దగ్గర అండాశయాలు ఉన్నాయో లేవో చెప్పే కాగితం కూడా లేదు. మూటలో కట్టి అటక మీద పెట్టిన పాత ఫైలు దొరికినా అందులో ఆపరేషన్ పేరు ఒక్కటే ఉంటుంది.

7. ఒక డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరు చూసే జబ్బుకు పడకపోవచ్చు. ఎముకల బలానికి ఇచ్చే రోమోసోజుమాబ్ ఇంజెక్షన్‌ను ఏడాదిలోపు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారికి ఇవ్వకూడదని 2019లో అమెరికా అనుమతి ఇచ్చినప్పుడే హెచ్చరిక పెట్టారు. రాలోక్సిఫీన్ అనే ఎముక మాత్రతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎముక కరగకుండా ఆపే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి వేయాలి. స్టెంటో బైపాసో అన్న హడావుడిలో ఒక డోసు తప్పితే ఎముక ఒక్కసారిగా కరిగి వెన్నుపూసలు వరసగా నలగొచ్చు. డిశ్చార్జ్ షీటులో గుండె మందులన్నీ ఉంటాయి, ఈ ఇంజెక్షన్ తేదీ ఉండదు.

అందువల్ల మేం కోరుతున్నవి:

1. ముప్ఫయ్యేళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ప్రశ్నల ఫారంలో నెలసరి ఆగాక రక్తం కనిపించిందా అన్న ప్రశ్న ఉంది. దాని పక్కనే నాలుగు ప్రశ్నలు చేర్చండి: నెలసరి ఏ వయసులో ఆగింది? గర్భసంచి, అండాశయాలు తీశారా, ఎప్పుడు? నలభై అయిదు దాటాక చిన్నగా పడినా ఎముక విరిగిందా? అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా? నాలుగూ అడిగి రాయడానికి నిమిషం చాలు. ఆశాలకు ఇప్పటికే ఉన్న పనికి ఇది తోడవుతుంది కాబట్టి అదనపు పారితోషికం కూడా కలపండి.

2. రాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్ల కోసం మంగళవారం నడిపే ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మెనోపాజ్ సమస్యలు చూడడం 2023లో పథకం మొదలైనప్పటి నుంచీ ఉంది. అక్కడే ఎత్తు కొలవండి. గోడకు అతికించిన టేపు చాలు, చెప్పులు విప్పించండి, జడకొప్పు కిందికి దించండి. వయసులో ఉన్నప్పటి ఎత్తుకన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్ను ఎక్స్‌రేకు పంపండి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు. వీటితో పాటు నిలబెట్టి బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాల్షియం.

3. యాభై దాటిన ఆడవాళ్ల వెన్ను ఎక్స్‌రే రిపోర్టులో రెండు వాక్యాలు తప్పనిసరి చేయండి: పూస నలిగిందా, బృహద్ధమనిలో కాల్షియం ఉందా. రేడియాలజిస్టు మిత్రులారా, దీనికి ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. రేపటి నుంచే రాయొచ్చు.

4. చిన్న దెబ్బకు ఎముక విరిగిన ప్రతి మహిళకూ డిశ్చార్జికి ముందు బీపీ, లిపిడ్లు, షుగరు. గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతంతో చేరిన యాభై దాటిన ప్రతి మహిళకూ ఎముక విరిగే ప్రమాదం లెక్కకట్టడం. రాబోయే పదేళ్లలో ఎముక విరిగే ప్రమాదాన్ని చెప్పే ఫ్రాక్స్ లెక్కలో భారతదేశానికి విడిగా నమూనా ఉంది, డెక్సా లేకుండానూ ఫోన్‌లో వేయొచ్చు.

5. నగరంలో ప్రభుత్వ ఆధ్వర్యంలో డెక్సా ఎక్కడెక్కడ ఉంది, ఏ రోజు తీస్తారు, ఎంత రుసుము అన్న పట్టిక తెలుగులో, ఉర్దూలో ప్రతి బస్తీ దవాఖానా గోడ మీద అతికించండి. వెన్ను, తుంటి రెండూ లేని రిపోర్టు చెల్లదని ప్రకటించండి. రెండోసారి స్కాన్ అదే యంత్రం మీద తీయాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు.

6. మడమ అల్ట్రాసౌండ్ క్యాంపుల్లో రోగనిర్ధారణ చేయడం, అక్కడికక్కడే మాత్రలు అమ్మడం ఆపించండి.

7. గర్భసంచి ఆపరేషన్ చేసిన ప్రతి ఆస్పత్రీ డిశ్చార్జ్ కాగితంలో అండాశయాలు ఉంచారా లేదా అన్నది తెలుగులో రాయాలి. ముందే అండాశయాలు పోయినవారికి హార్మోన్ చికిత్స అవసరమా కాదా అని గైనకాలజిస్టు మాట్లాడాలి. అరవై దాటినవారిలో ఆ చికిత్సకు చెప్పే ప్రమాదాల లెక్క వీరికి వర్తించదు.

8. గుండె జబ్బు తర్వాత ఇచ్చే వ్యాయామ సలహా నడకతో ఆగకూడదు. కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ నడిచినా ఎముకకు అందే బలం కొంతే. వారానికి రెండు మూడు రోజులు బరువుతో, ఎలాస్టిక్ బ్యాండుతో కండరాల వ్యాయామం, ఒంటికాలిపై నిలబడే అభ్యాసం చేర్చాలి. వెన్నుపూస నలిగినవారు ముందుకు వంగి కాలివేళ్లు పట్టుకునే ఆసనాలు వేయకూడదు. ఊపిరి బిగబట్టి బరువెత్తడం గుండెకు చేటు. పార్కుల్లో ఉచితంగా యోగా నేర్పే గురువులకు ఈ రెండు జాగ్రత్తలూ చెప్పించండి.

9. తిండి సలహా కూడా ఒకే కాగితం మీద ఉండాలి. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, మూత్రంలో కాల్షియమూ ఎక్కువ పోతుంది. రోజుకు 5 గ్రాములు, అంటే ఓ టీస్పూను. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ అన్నీ అందులోనే. మా అనుభవంలో ఈ ఒక్క మాటకే ఓపీలో అన్నిటికన్నా ఎక్కువ పేచీ వస్తుంది.

ఈ తొమ్మిదింటిలో 3, 4, 7 అంశాలకు కొత్త యంత్రం గానీ కొత్త బడ్జెట్ గానీ అక్కర్లేదు. వాటిని ఈ నెలలోనే మొదలుపెట్టమని కోరుతున్నాం. 1, 2, 5 అంశాలపై ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. కుదరదంటే ఎందుకు కుదరదో కూడా రాయండి. ఆశా కార్యకర్తలకు, స్టాఫ్ నర్సులకు, ఎక్స్‌రే టెక్నీషియన్లకు పూటపాటు శిక్షణ ఇవ్వడానికి మేం సిద్ధం. ఫారం నమూనా తెలుగులో, ఉర్దూలో తయారుచేసి పెట్టుకున్నాం. ఏ బస్తీ దవాఖానాతో మొదలుపెట్టాలో చెప్పండి, ఆ మంగళవారం పొద్దున వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పనిచేస్తున్న డెక్సా టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, డైటీషియన్లు, నర్సులు